నా చెవిలో గస్ గొంతు

ల్యాన్సింగ్ దగ్గర మోటెల్,
ఆగస్టు 17, శనివారం ఉదయం.

శాగినాలో ఉన్న గస్‌కు,

ఫర్నెస్ రోడ్ బ్యాండులో ఒకప్పుడు నీ పక్కన నిలబడి గిటారు వాయించిన లైల్ రాసుకునేది. ఉభయకుశలోపరి. మా వైపు కుశలమేనని నోరీన్ చెబుతోంది, పెళ్లాం చెప్పాక కాదనడానికి లేదు. ఉభయుల్లో రెండోవాడివి నువ్వు. నీ వైపు కుశలమో కాదో, అసలు నువ్వు ఉన్నావో పోయావో తేల్చుకోవడానికే ఈ ఉత్తరం. ఉంటే ఒక్క ముక్క రాయి. పోయి ఉంటే మీవాళ్లనెవరినైనా రాయమను.

ముప్పై తొమ్మిదేళ్ల తర్వాత ఇదేం పలకరింపు అనుకుంటావు. ముందు ఫోనే చేద్దామనుకున్నాను. నీ చెల్లెలూ నోరీనూ ఏటా క్రిస్మస్ కార్డులు ఇచ్చిపుచ్చుకుంటారు కాబట్టి నీ నంబరు నోరీన్ దగ్గర ఉంటుందని తెలుసు. అడిగితే, ఆ నంబరు ఎప్పుడో మారిపోయిందిలే, ముందు వాఫుల్ చల్లారకుండా తిను అంది. ఎన్నడూ లేనిది నా ప్లేటులో తనే సిరప్ కూడా పోసింది. నాకేమీ అర్థం కాలేదు. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు కదా అని, మోటెల్ వాళ్లను నాలుగు కాగితాలు అడిగి తీసుకుని టిఫిన్ గదిలోనే కూర్చున్నాను. రేపు మేం మన ఊరే వస్తున్నాం. దీన్ని నీ ఇంటి ఉత్తరాల డబ్బాలో నేనే వేస్తాను.

సంగతేమిటంటే, గస్, నీ గొంతు నాకు వినబడుతోంది.

నవ్వకు. కలలో కాదు, తాగిన మత్తులో కాదు. తాగుడు మానేసి చాలా ఏళ్లయింది. స్టేజీ మీద, పాట నడుస్తుండగా, నా చెవిలో వినబడుతోంది. నీ రోజుల్లో మన కాళ్ల ముందు పెద్ద స్పీకర్లు పెట్టేవాళ్లు, అందరం ఒకే హోరు వినేవాళ్లం. ఇప్పుడలా కాదు. ఎవరి చెవుల్లో వాళ్లకు చిన్న ఇయర్‌పీసులు, నడుముకో డబ్బీ. స్టేజీ పక్కన టెస్ అనే అమ్మాయి బల్ల ముందు కూర్చుని ఎవరికి ఏది కావాలో అది వాళ్ల చెవిలోకి పంపుతుంది. డ్రమ్ముల దగ్గర మార్వ్‌కు బేస్ గిటారు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఇప్పటి మా పాటగాడు కోడీ చెవిలో కోడీ ఒక్కడే ఉంటాడు. ఒకే స్టేజీ మీద నిలబడి తలా ఒక కచేరీ వింటూ వాయిస్తాం. కాబట్టి నా చెవిలో ఏం మోగిందో చెప్పడానికి సాక్షి ఎవడూ లేడు.

మొదటిసారి మే నెలలో, పియోరియాలో విన్నాను. ‘హాఫ్ ట్యాంక్’ వాయిస్తున్నాం. ఎన్ని వేలసార్లు వాయించానో తెలియని పాట. రెండో చరణం అయిపోవచ్చింది, తర్వాత ఏమిటో ఒక్క క్షణం తట్టలేదు. అప్పుడు చెవిలో ‘ఇంటికి’ అని వినబడింది. నా వేళ్లు వాటంతట అవే పల్లవికి వెళ్లిపోయాయి. పల్లవి సగం అయ్యాక గాని, ఆ మాట అన్నది ఎవరని నాకు అనుమానం రాలేదు.

ఆ మాట నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు? నాకు లెక్క రాదు. పంతొమ్మిదేళ్ల వయసులో మీ నాన్న గరాజులో మొదలుపెట్టిన రోజు నుంచీ రాదు. చరణం ఎక్కడ అయిపోతుందో, పల్లవి ఎన్నిసార్లు రావాలో పట్టుకోలేక నేను ఎటో పోతుంటే, నువ్వు జనానికి వీపు తిప్పి నా మీదికి వంగి అరిచేవాడివి. పల్లవికి తిరిగి రావాలంటే ‘ఇంటికి’. నా సోలో వచ్చిందంటే ‘మేడెక్కు’. ముగించాలంటే ‘కొట్టు కట్టెయ్’. జనం అదేదో మన స్టైలు అనుకునేవాళ్లు. ఆ ఇద్దరి మధ్యా మాటలకందని బంధం ఉందని డెట్రాయిట్‌లో ఒక పత్రిక రాసింది కూడా. నువ్వు అరుస్తున్నది ఇంటికి రారా దున్నపోతా అని వాళ్లకేం తెలుసు.

నువ్వు వెళ్లాక బ్యాండు కథ నీకు ఎంత తెలుసో నాకు తెలియదు. పత్రికల్లో చూసే ఉంటావు. చూసి ఉండవు కూడా, నీ మొండితనం నీది. ఒమాహాలో రికార్డు కంపెనీ వాళ్లు కీబోర్డు పెడితేనే రికార్డు వేస్తామన్నారు. నేను పెడదామన్నాను, నువ్వు వద్దన్నావు. చివరికి నువ్వు మైకు స్టాండు పడేసి, లైల్ ఉన్న స్టేజీ మీద నా పాదం ఇంక మోపను, ఇది ఒట్టు అని పోయావు. ఎవరిది తప్పని ఇప్పుడు తవ్వుకోవడానికి నేను రాయడం లేదు. తెలిసినదొకటే చెబుతాను. ఎవడి కోసమైతే మనిద్దరం విడిపోయామో ఆ కీబోర్డు మనిషి ఏడాది తిరక్కుండా పళ్ల డాక్టరు చదువుకి వెళ్లిపోయాడు.

నీ తర్వాత టెక్సాస్ నుంచి ఒక పొడుగుజుట్టువాణ్ణి తెచ్చుకున్నాం. వాణ్ణి జపాన్‌లో నెత్తిన పెట్టుకున్నారు, మన ఊళ్లో సీసాలతో కొట్టారు. వాడి తర్వాతివాడికి ప్రభువు పిలుపు వచ్చింది, ఇప్పుడు టెన్నెసీలో పాస్టరు. మూడోవాడు మాతో పడక, ఒహాయో వెళ్లి ఫర్నెస్ రోడ్ అనే పేరుతోనే ఇంకో బ్యాండు పెట్టుకున్నాడు. ఫోర్ట్ వేన్‌లో ఒకే వారంలో రెండు ఫర్నెస్ రోడ్‌లూ వాయించాయి. మాకోసం టిక్కెట్లు కొన్నవాళ్లు పొరపాటున అక్కడికి పోయి, బాగుందని ఇళ్లకు వెళ్లారట. ఆ తర్వాత జనమంతా గళ్ల చొక్కాల కుర్రాళ్ల పాటల వెంట పడ్డారు, మేం బౌలింగ్ హాళ్లలో వాయించాం. సోలో మధ్యలో బంతి వెళ్లి పిన్నులు పడగొడితే జనం చప్పట్లు కొట్టేవాళ్లు, ఎవరికి కొట్టారో తెలిసేది కాదు. ఇప్పుడు మళ్లీ నయమే. కాసినోలు, కౌంటీ ఫెయిర్ల తిరునాళ్లు. తాతలు మనవలను తీసుకొస్తున్నారు.

కోడీ నిన్ను అనుకరించే బ్యాండులో పాడేవాడు. నీకంటే నీలాగా పాడతాడు. మార్వ్ ఎనభై ఒకటిలో వచ్చాడు కదా, వాణ్ణి ఇప్పటికీ కొత్త డ్రమ్మర్ అనే పిలుస్తాం. వాడికి నలుగురు మనవలు. గరాజులో మొదలుపెట్టినవాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే.

అందుకే చెబుతున్నాను, ఇది వేళాకోళం కాదు. మన గరాజులో మనం అనుకున్నది గుర్తుందా? మన పాట మనం వాయించగలిగినంత కాలమే ఈ పేరు, ఆ తర్వాత ఎవరికీ ఇవ్వం అనుకున్నాం. మొన్న కొత్త సంవత్సరం విందులో నేను అందరి ముందూ లేచి అదే మాట మళ్లీ అన్నాను. నా పాట నేను వాయించలేని రోజున బోర్డు దింపేస్తాం అని. అందరూ గ్లాసులెత్తారు. అప్పుడు నాకేం తెలుసు?

ఏప్రిల్‌లో డేటన్‌లో ‘హాఫ్ ట్యాంక్’ మధ్యలో నా గిటారు మోత పెంచే యాంప్ చచ్చిపోయింది. నాకు గుర్తున్నది దీపాల వెలుగు, కోడీ నా వైపు తిరిగి చూడటం. తర్వాత లోపల గదిలో మార్వ్ నా భుజం మీద చెయ్యేసి, యాంప్ పోయిందిరా, మన చేతిలో ఏముంది అన్నాడు. మర్నాడు అదే యాంప్‌తో ఇండియానాలో వాయించాను, నిక్షేపంలా ఉంది. ఎవరు బాగుచేశారని అడిగితే తలా ఒక పేరు చెప్పారు. అప్పట్లో అది పెద్దగా పట్టించుకోలేదు.

నీ గొంతు గురించి మాత్రం అందరినీ అడిగాను. మార్వ్ డ్రమ్ము మరలు బిగించడం ఆపకుండానే, నలభై ఏళ్లు నీ గిటారు పక్కన కూర్చుంటే నాకు మా ఆవిడ గొంతే వినబడి చావడం లేదు, ఇంక గస్ గాడి గొంతెక్కడ అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే. కోడీని అడిగితే ముఖం ఎర్రబడింది. అది నా గొంతే అయ్యుంటుంది లైల్ గారూ, అందరూ నాది ఆయన గొంతులాగే ఉంటుందంటారు అన్నాడు. నువ్వు పాడుతుండగా పక్కనుంచి మాట్లాడే గొంతు కూడా నీదేనా నాయనా అంటే, ఉండండి, లేసు ఊడింది అని కిందికి వంగాడు. వాడు వేసుకున్నవి లేసుల్లేని బూట్లు.

చివరికి టెస్‌ను పట్టుకున్నాను. మన బ్యాండులో ముందే రికార్డు చేసిన టేపు వెయ్యడం అనే మాటే పాపం. ఎవడైనా నీ పాత రికార్డింగు ముక్కలు కోసి నా చెవిలో వేస్తున్నాడేమోనని నా అనుమానం. టెస్ లేచి నిలబడి, మీ చెవిలోకి టేపు పంపితే నా చెయ్యి విరిగిపోవాలి అని ఒట్టేసింది. నాకు ప్రాణం కుదుటపడింది. భోజనం దగ్గర కూర్చున్నాక తట్టింది. టేపు లేదని ఒట్టేసింది గాని గొంతు లేదని వెయ్యలేదు.

టేపు కాదని జులైలో కలమజూలో నాకే తెలిసిపోయింది. తీగ తెగింది. నేను బిక్కముఖం వేసుకుని నిలబడితే చెవిలో నువ్వు, పోయి వేరే గిటారు తెచ్చుకో దున్నపోతా, కోడీ ఏదో ఒకటి వాగుతుంటాడులే అన్నావు. అన్నట్టే కోడీ వాళ్లావిడ కుక్క గురించి జనానికి చెప్పడం మొదలుపెట్టాడు. నువ్వు మాతో ఉన్న రోజుల్లో కోడీ ఇంకా పుట్టనే లేదు. పాత టేపులో వాడి పేరు ఎలా ఉంటుంది? పోయిన వారమైతే నువ్వు పాట మధ్యలో దగ్గావు. దగ్గి, బిళ్లేదో చప్పరించావు. దయ్యాలకు దగ్గు వస్తుందా? ఎవరిని అడగాలో కూడా తెలియడం లేదు.

ఎంత ఆలోచించినా రెండే దారులు కనబడుతున్నాయి. ఒకటి, నువ్వు పోయి, ఒమాహా కసి తీరక నా చెవిలో చేరావు. రెండు, నా తల చెడింది. నోరీన్ రెండోదే అనుకుంటోందని నాకు తెలుసు. సెప్టెంబరులో ఆన్ ఆర్బర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గర నాకోసం అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఇది ఏ సంవత్సరం అని అడుగుతారట, గడియారం బొమ్మ గియ్యమంటారట. నేను రానన్నాను. మొన్న మా వీధి పేరు గుర్తు రాక కారు పక్కకు ఆపుకున్న సంగతి తనకు చెప్పలేదు. నీకే చెబుతున్నాను. నాకు భయంగా ఉంది గస్.

ఇంకో చిక్కు ఉంది. ఆ గొంతు వచ్చిన దగ్గర్నుంచీ నేను ఒక్క పాటలో కూడా దారి తప్పలేదు. పాతికేళ్లవాడిలా వాయిస్తున్నావని కాసినో వాళ్లు మెచ్చుకున్నారు. వేదిక ఎక్కేముందు, ఈరోజు వస్తావా రావా అని చెవిలో వేలు పెట్టి చూసుకుంటున్నాను. రాకపోతే ఎలాగని దిగులు, వస్తే ఇదేం ఖర్మ అని దిగులు.

రేపు సాయంత్రం మన శాగినా ఫెయిర్‌లో యాభయ్యో ఏడు కచేరీ. నువ్వు పోయావని తెలిస్తే, సరే దయ్యమే, తోడుగా ఉందిలే అని వాయించుకుంటాను. బతికి ఉన్నావని తెలిస్తే చెడింది నా తలే కాబట్టి, ఇచ్చిన మాట ప్రకారం రేపు మైకు ముందు నిలబడి ఫర్నెస్ రోడ్ పేరు దింపేస్తున్నానని చెప్పాలి. మార్వ్, కోడీ, టెస్, లారీ నడిపేవాళ్లు అందరూ దాని మీదే బతుకుతున్నారు. అలాగని నువ్వు పోయి ఉండాలని కోరుకుంటున్నాననుకోకు. అంత పాపిష్టివాణ్ణి కాదు. కాస్త సులువుగా ఉంటుందని మాత్రం అనిపిస్తోంది.

నీ చెల్లెలికి నా నమస్కారాలు చెప్పు. నువ్వు చెప్పగలిగే స్థితిలో ఉంటే.

ఇట్లు,
లెక్క రాని నీ
లైల్

తా.క. ఆదివారం మధ్యాహ్నం, శాగినా ఫెయిర్ గ్రౌండు నుంచి.

పొద్దున మీ ఇంటికి వెళ్లాను. కర్టెన్లు వేసి ఉన్నాయి, కారు లేదు. పక్కింటావిడ గడ్డి కోస్తూ, గస్ వేసవి మొదలైనప్పట్నుంచీ ఇంటి పట్టున ఉండటం లేదు, ముసలితనంలో ఊళ్లమ్మట తిరుగుడు పట్టుకుంది ఆయనకి అంది. అంటే పోలేదన్నమాట. ఉత్తరం డబ్బాలో వెయ్యకుండా జేబులోనే పెట్టుకుని వచ్చేశాను. రాత్రికి మైకులో ఏం చెప్పాలో దారి పొడుగునా వల్లె వేసుకున్నాను.

కచేరీకి ముందు సరిచూసుకునే సౌండ్ చెక్‌లో ‘హాఫ్ ట్యాంక్’ ఎత్తుకున్నాం. రెండో చరణం చివర నువ్వు ‘ఇంటికి’ అన్నావు. ఆ మాట వెనక సన్నగా ఇంకెవరిదో అరుపు వినబడింది. మూడో నంబరు పంది ముందుకొచ్చింది, మూడో నంబరు పంది ముందుకొచ్చింది అని. నేను ఒక చెవిలోంచి ఇయర్‌పీసు తీశాను. లారీలు నిలిపిన చోటు వెనక పందుల పరుగు పందెం జరుగుతోంది. అక్కడ కూడా మూడో నంబరే ముందుంది. నా తల ఎంత చెడినా పంది నంబరు సరిగ్గా కలవదు కదా. అంటే నువ్వు అరుస్తున్నది ఆ లారీల వైపు నుంచే.

గిటారు మెడకు వేసుకునే వెనక మెట్లు దిగి నడిచాను. రెండో చెవిలో నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు. టెస్, వాడేడి, వాడెటు పోయాడు అన్నావు. ఒరే లైల్, ఎక్కడికిరా, ఆ వైర్లు చూసుకుని నడువు అన్నావు. తర్వాత నీ గొంతు రెండు వైపుల నుంచీ వినబడటం మొదలైంది, చెవిలో ఒకటి, లారీలోంచి ఒకటి. షట్టరు పైకి లేపితే నువ్వు ఐసు పెట్టె మీద కూర్చుని ఉన్నావు. ముందు చిన్న టీవీలో ఖాళీగా ఉన్న నా చోటు. ఒక చేతిలో మైకు, ఇంకో చేతిలో సగం తిన్న కోనీ హాట్‌డాగ్, నుదుటి మీద కళ్లద్దాలు, చొక్కా మీద దాని ఆవాల ముద్ద. జుట్టంతా పోయింది. నువ్వు కాళ్లు ముందుకు చాపి, చూసుకో, రెండు పాదాలూ లారీలోనే ఉన్నాయి, నా ఒట్టు నేను తప్పలేదు అన్నావు.

డేటన్‌లో చచ్చింది యాంప్ కాదని నువ్వే చెప్పావు. ఎవరో పిలిచినట్టు నేను తీగల మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయానట, కోడీ ఒక్కడే పాట పూర్తి చేశాడట. ఆ మర్నాడే నోరీన్ నీకు ఫోన్ చేసింది. ఆ నంబరుకే, మారిపోయిందన్న నంబరుకే. పియోరియా నుంచి మా బస్సు వెనకే నీ కారులో వస్తున్నావు. మార్వ్‌కు తెలుసు, కోడీకి తెలుసు, లారీ డ్రైవర్లకు కూడా తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

నాకు కోపం వచ్చింది. అందరూ కలిసి నన్ను చేతకానివాణ్ణి చేశారు కదరా అన్నాను. నువ్వు నములుతూనే, పంతొమ్మిదేళ్లప్పుడు నీకు లెక్క వచ్చి చచ్చిందా, అప్పుడూ నేనే అరిచాను, ఇప్పుడూ నేనే అరుస్తున్నాను, మధ్యలో వచ్చినవాళ్లకి అరవడం చేతకాలేదు, అంతేగా అన్నావు. బోర్డు సంగతి ఎత్తితే, మన పాట మనం వాయించగలిగినంత కాలం అన్నాం గాని లైల్ ఒక్కడే వాయించాలని ఎవడన్నాడు, మనం అంటే ఎంతమందిరా అన్నావు. రాత్రికి వల్లె వేసుకున్నది మైకులో చెప్పడం లేదు.

ఇది రాస్తుండగా మార్వ్ చేతులూపుతూ నువ్వున్న లారీని వెనక్కి రప్పిస్తున్నాడు. దాని వెనక తలుపు స్టేజీ అంచుకు ఆనుకునేదాకా రానిస్తాడట. నువ్వు లారీలోనే కూర్చుంటావు, నేను స్టేజీ మీదే నిలబడతాను, మధ్యలో జానెడు సందు కూడా ఉండదు.

నువ్వు పోతే సులువుగా ఉంటుందని రాసిన ఉత్తరం వాడికెందుకు, చింపి పారెయ్ అంది నోరీన్. చింపలేదు. లారీలో నోటితో అడగలేకపోయినది ఒకటి మిగిలిపోయింది. సెప్టెంబరులో ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్తానని ఇందాకే నోరీన్‌తో చెప్పాను. నువ్వు కూడా రా. అక్కడ స్టేజీ ఉండదు కాబట్టి నీ ఒట్టుకు ఇబ్బంది లేదు. నా పక్క కుర్చీలో కూర్చో. ఏ సంవత్సరం అని ఆమె అడిగితే నాకు అందించకు, గడియారం ముల్లు ఎటు గియ్యాలో చెప్పకు, తప్పయితే తప్పు కానీ. ఆమె చెప్పాల్సింది ఏదో చెప్పడం పూర్తయ్యాక నాకు ఎటు పోవాలో తెలియకపోవచ్చు. అప్పుడు మాత్రం ‘ఇంటికి’ అను. లేచి నీ వెనక వస్తాను.